అమెరికా వెళ్లే అమ్మానాన్నలకు ఇంగ్లీషు గైడు

టికెట్లు చేతికొచ్చాక ఇంగ్లీషు జోలికి పోకండి. కందిపొడి పట్టించాలి, ఆవకాయ డబ్బాల మూతలకు టేపు చుట్టాలి, పెట్టె 23 కిలోలు దాటిందేమోనని పదిసార్లు తూచాలి. మీకు కావలసిన ఇంగ్లీషంతా అబ్బాయి వాట్సాప్‌లో పంపుతాడు. దాన్ని ప్రింటు తీయించి, లామినేషన్ చేయించి, పెద్దపెట్టెలో పట్టుచీరల కింద భద్రంగా దాచండి.

హైదరాబాద్ కాన్సులేట్‌లో వీసా ఇంటర్వ్యూ తెలుగులోనే ఇవ్వొచ్చు. అయినా ఇవ్వకండి. 'తెలుగులో మాట్లాడితే వీసా రాదట' అని చెప్పే పెద్దమనిషి ప్రతి అపార్టుమెంటులో ఒకరుంటారు. ఆయన ఎన్నడూ అమెరికా వెళ్లలేదు కాబట్టి నిష్పక్షపాతంగా చెబుతారు. చిలుకూరు బాలాజీకి 11 ప్రదక్షిణలు చేసి వెళ్తే ఇంగ్లీషు అదే వస్తుంది. వీసా వచ్చాక బాకీపడే 108 సంగతి తర్వాత చూసుకోవచ్చు.

అన్నిటికన్నా గొప్ప ఉపాయం వీల్‌చైర్. మొన్ననే అలిపిరి నుంచి కొండ మెట్లన్నీ ఎక్కి మొక్కు తీర్చుకున్న మోకాళ్లయినా సరే, టికెట్‌తోపాటే కుర్చీ అడగండి. దుబాయ్‌లో గేటు మారిందని తెర మీద పడింది మీకు అర్థం కాకపోయినా, కుర్చీ తోసే కుర్రాడికి అర్థమవుతుంది. మీరు కళ్లు మూసుకుని విష్ణు సహస్రనామం చదువుకోవచ్చు. తిరిగొచ్చి శంషాబాద్‌లో దిగగానే కాళ్లు వాటంతటవే బాగవుతాయి. నిజంగా మోకాళ్లు అరిగినవాళ్లు కుర్చీ కోసం వెనక ఎదురుచూస్తుంటారు, వాళ్ల తిప్పలు వాళ్లవి. (నాలుగు మాటలకు జంకి, నడవగలిగిన మనిషి కుర్చీలో కూర్చోవడం చూస్తే నాకైతే నవ్వు రాదు.)

ఇక ఇమిగ్రేషన్ కౌంటర్. ఎవరింటికి వచ్చారు, ఎన్నాళ్లుంటారు, సంచుల్లో ఏముంది? అడిగేవి దాదాపు ఇవే. ఏం అడిగారో తెలియకపోతే చిరునవ్వుతో 'యస్' అనండి. 'ఇక్కడ ఉద్యోగం చేస్తారా?' అన్నా యస్సే. విజిటర్ వీసా మీద వచ్చి ఉద్యోగం చేయకూడదన్న చిన్న చిక్కొకటి ఉంది, దాన్ని మీవాడు చూసుకుంటాడు. 'మాంసం తెచ్చారా?' అన్నా యస్ అనండి. పెట్టె అడుగున గోంగూర మటన్ పచ్చడి ఉంటే, అప్పటికి తెలియకుండానే ఒక నిజం చెప్పినవాళ్లవుతారు. పచ్చడి చెత్తబుట్ట పాలైనా, దాచిపెట్టినందుకు పడే జరిమానా తప్పుతుంది. అసలు 'నో' అనడం ఎందుకు నేర్పరో మన పిల్లలు!

ఆఫీసరు రెండోసారి అడిగితే గొంతు పెంచి తెలుగులోనే జవాబు చెప్పండి. గట్టిగా చెబితే ఏ భాషైనా అర్థమవుతుందని మన నమ్మకం. ఆయన మూడోసారి అడిగితే పక్కలైన్లో తెలుగు పిల్లలెవరైనా ఉన్నారేమో వెతకండి. ఉంటారు, కానీ వాళ్లు మీవైపు చూడరు.

ఇంత తతంగం మీవల్ల కాదంటారా? అయితే కొడుకు పేరు, చిరునామా, ఫోన్ నంబరు రాసిన కాగితమూ తిరుగు టికెట్టూ చేతిసంచిలో ఉంచుకోండి. కౌంటర్ దగ్గర 'తెలుగు' అని ఒక్క మాట అనండి. ఫోన్లో దుబాసీని కలిపే ఏర్పాటు వాళ్లకుంది. అడగడానికి మొహమాటపడకండి.