బండి మీదొక అర్జీ

మహారాజశ్రీ పాఠక మహాశయుల సముఖానికి, కాలిఫోర్నియా రాష్ట్రం ఫ్రీమాంట్ కాపురస్థుడు చేసుకున్న అర్జీ.

నెలనెలా మార్ట్‌గేజి కట్టుకుంటూ, ఎవరి జోలికీ పోకుండా బతికేవాణ్ణి. ఇప్పుడు సొంత గరాజు ఉండి కూడా కారు వీధిలో పెట్టుకుంటున్నాను. గరాజుని 1974 మోడల్ వోక్స్‌వ్యాగన్ క్యాంపర్ వ్యాను ఒకటి ఆక్రమించింది. దాన్ని బాగుచేసి రోజూ ఆఫీసుకి వేసుకెళ్తానని మా ఆవిడ పంతం పట్టింది.

ఈ బండి పుట్టుకకి అసలు ముద్దాయి బెన్ పాన్ అనే డచ్చి కార్ల వ్యాపారి. 1947లో ఈయన ఊరుకోక నోటుపుస్తకంలో ఓ పెట్టె గీసి, దానికి చక్రాలు పెట్టాడు. 1950కల్లా వోక్స్‌వ్యాగన్ ఫ్యాక్టరీ వాళ్లు ఆ బొమ్మని నిజం చేసి రోడ్డెక్కించారు. ఆ తర్వాత వెస్ట్‌ఫాలియా అనే కంపెనీ వాళ్లు అందులో మంచం, అల్మరా బిగించి సంసారం పెట్టించారు. ఇంజన్ వెనకాల ఉంటుంది. డ్రైవరు ముందు చక్రాల మీద కూర్చుంటాడు. బానెట్ అనేదే లేదు కాబట్టి, ఎదురుగా ఏదొచ్చినా ముందుగా పలకరించేది మన మోకాళ్లనే.

గాలితో చల్లబడే ఇంజన్ కనుక రేడియేటర్ గొడవ లేదని మా ఆవిడ మురిసిపోయింది. నిజమే. ఆ వేడిగాలే గొట్టాల గుండా ముందుకొచ్చి హీటరుగా పనిచేయాలట. వెనకనుంచి ముందుసీటు దాకా వచ్చేసరికి దానికే చలేస్తుంది. జనవరిలో నేను శాలువా కప్పుకుని ప్రయాణం చేస్తున్నాను.

ఇక మరమ్మతులు. ముందు పెట్రోలు గొట్టాలు. యాభై ఏళ్ల రబ్బరు పగుళ్లిచ్చింది. ట్యాంకేమో ఇంజన్‌ని ఆనుకునే ఉంది. చుక్క కారి వేడి ఇంజన్ మీద పడితే బండి బూడిదే. కాబట్టి మా ఆవిడ గొట్టాలన్నీ కొత్తవి వేసి, సీటు వెనక మంటలార్పే సిలిండరు పెట్టింది. బ్రేకుల రబ్బర్లు మార్చింది. కాంటాక్ట్ పాయింట్లు పీకేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టింది. కార్బొరేటర్లు విప్పి డైనింగ్ టేబుల్ మీద పరిచింది. వాటిని తోమిన బ్రష్షు నాది. ఆ వారమంతా పప్పుచారు పెట్రోలు వాసనొచ్చింది.

వాల్వులు సరిచేయాలంటే ఇంజన్ పూర్తిగా చల్లారి ఉండాలట. అంటే ఆదివారం తెల్లారుజామున. ఆవిడ బండి కింద పడుకుని, 0.15 మిల్లీమీటర్ల మందం రేకుని వాల్వు సందులో దూర్చి మెల్లగా లాగుతుంది. పట్టీపట్టనట్టు జారాలి. వదులైతే టకటక చప్పుడు, బిగుసుకుంటే వాల్వు మాడిపోతుంది. నేను మోకాళ్ల మీద కూర్చుని టార్చి పట్టాలి.

"ఏమండీ, కాస్త ఇటు. అబ్బ, నా కళ్లలోకి కాదు!"

ఆ సందు మీద పెట్టే శ్రద్ధలో వీసమెత్తు నా బీపీ మీద పెడితే ఈ అర్జీ అవసరమే ఉండేది కాదు.

సర్కారైనా ఆదుకుంటుందనుకున్నాను. ఇక్కడ చాలా బండ్లకి రెండేళ్లకోసారి పొగ పరీక్ష ఉంటుంది. మనది తప్పక తప్పుతుందని ఆశపడ్డాను. తీరా చూస్తే 1975, అంతకు ముందటి పెట్రోలు బండ్లకి ఆ పరీక్ష మాఫీ. 1976ది కొన్నా బాగుండేది మహాతల్లి! ఇన్సూరెన్సు దగ్గర మాత్రం మాఫీ లేదు. పాత బండ్లకిచ్చే చవక పాలసీ కావాలంటే దాన్ని రోజూ ఆఫీసుకి తీసుకెళ్లకూడదు. రోజూ తీసుకెళ్లడానికేగా ఇన్నాళ్లూ నేను టార్చి పట్టింది! అందుకని మామూలు పాలసీయే కడుతున్నాం.

అసలు కష్టం ఇప్పుడొచ్చింది. బండి బాగైపోయింది. తాళం తిప్పగానే లేస్తోంది. మా ఊరి దగ్గరి సునోల్ ఎత్తు మీద లారీల వెనకాల, కుడి లేనులో, మూడో గేరులో ఈడ్చుకుంటూ ఎక్కినా, ఎక్కడా ఆగట్లేదు. లివర్‌మోర్ గుడి పార్కింగులో జనం స్వామికన్నా ముందు దీనికి ప్రదక్షిణ చేస్తున్నారు. పెట్రోలు బంకులో ముక్కూమొహం తెలియనివాళ్లు మా ఆవిడకి బొటనవేలు చూపించి అభినందిస్తున్నారు. ఏళ్ల తరబడి కిక్కురుమనకుండా తిరుగుతున్న నా కొరోలా కారుని ఇంతవరకూ ఒక్కడూ మెచ్చుకోలేదు.

పైగా తెలిసినవాళ్లెవరు ఇల్లు మారినా సోఫాలు మొయ్యడానికి మా బండే. బండితో పాటు నేను కూడా. ఇదివరకు గృహప్రవేశాలకీ, బారసాలలకీ, మూడు గంటలు సాగే సంగీత కచేరీలకీ పిలిస్తే "మా ఆవిడ బండి కింద ఉందండీ" అనేవాణ్ణి. అబద్ధం కాదు గనక తడబాటు ఉండేది కాదు. ఇప్పుడా మాట చెల్లదు. వారంవారం అన్నిటికీ హాజరు.

కావున ప్రార్థన ఏమనగా: ప్రాణానికి ముప్పు లేనిదీ, ఖర్చు తక్కువదీ, శనివారం సాయంత్రాల్లో మాత్రమే బయటపడేదీ అయిన చిన్న లోపం ఒకటి ఆ బండికి మంజూరు చేయించవలసింది. టార్చి నేనే పట్టుకుంటాను.