చచ్చినా ఒప్పుకోం

2020 వానాకాలంలో తెలంగాణలో కరోనా వైరస్ అంత క్రమశిక్షణ గల ఉద్యోగి ఇంకొకరు లేరు. కేసులు పెరిగినా తగ్గినా రోజుకి ఇంచుమించు తొమ్మిదో పదో ప్రాణాలు. ఆదివారం సెలవు లేదు, పండగ పూట ఓవర్‌టైం లేదు. బులెటిన్ తెరిస్తే ఆ అంకె కుదురుగా కూచుని ఉండేది. చివరికి హైకోర్టుకే అనుమానం వచ్చి, చావులు మాత్రం రోజూ అన్నే ఎలా ఉంటున్నాయని సెప్టెంబరులో ప్రభుత్వాన్ని అడిగింది. కోర్టువారికి పరిపాలన సంగతి తెలిసినట్టు లేదు. కోటా అంటే కోటాయే. పదకొండోవాడు రేపు రావాలి.

అంతకుముందు మే నెలలో ఇదే కోర్టు, ఆసుపత్రుల్లో చనిపోయినవాళ్ళకి కూడా పరీక్షలు చెయ్యమంది. ప్రభుత్వానికి ఆ మాట రుచించలేదు. పోయినవాడికి పరీక్ష చేస్తే వాడేమైనా లేచొచ్చి మందు వేసుకుంటాడా? చెయ్యకపోతే మటుకు బోలెడు లాభం. పరీక్ష లేకపోతే పాజిటివ్ లేదు, పాజిటివ్ లేకపోతే కరోనా లేదు. సరే, బతికుండగానే పరీక్ష చేయించుకుని, పాజిటివ్ వచ్చి, కరోనా వార్డులో చేరి, అక్కడే పోయినవాళ్ళ మాటేమిటి? వాళ్ళకి షుగరుంది, బీపీ ఉంది, గుండె జబ్బుంది. మన దగ్గర నలభై దాటినవాడికి వీటిలో ఒకటైనా లేకుండా ఉంటుందా? ఆ లెక్కన నిక్షేపంలా ఉన్నవాడు పోతేనే అది కరోనా చావు. నిక్షేపంలా ఉన్నవాడు ఎందుకు పోతాడు?

ఆంధ్రప్రదేశ్‌ది వేరే పద్ధతి. అక్కడ పరీక్షలు విరివిగా చేశారు, కేసులు దాచలేదు, దేశంలో మేమే మెరుగని చెప్పుకున్నారు కూడా. చావుల దగ్గరికొచ్చేసరికి కలం ఆగింది. 2021 మే నెల మొత్తానికి అక్కడి బులెటిన్లు ఒప్పుకున్న కరోనా మరణాలు మూడు వేల లోపు. అదే నెలలో ఆ రాష్ట్రపు జనన మరణాల రిజిస్టర్లకి ఎక్కిన మరణాలు లక్షా ముప్పై వేల దాకా ఉన్నాయి. మామూలు మే నెలకి ఇది దాదాపు ఐదింతలు. ఆ ఏడు ఎండలు మరీ అంత మండినట్టు ఎవరికీ గుర్తులేదు.

రిజిస్టర్ ఎందుకు అబద్ధమాడలేదో తెలుసుకోవాలంటే మన ఊళ్ళు తెలియాలి. మనిషి పోయాక పెద్దకర్మ ఎంత అవసరమో మరణ ధ్రువపత్రం అంత అవసరం. అది లేకపోతే బీమా రాదు, పింఛను భార్య పేరు మీదికి మారదు, పట్టాదారు పాసుపుస్తకం కొడుకుల చేతికి రాదు. అందుకని జనమే వెళ్ళి రాయించుకున్నారు. పంచాయతీ కార్యదర్శి చిత్రగుప్తుడిలా వచ్చినవాళ్ళని వచ్చినట్టు రాసుకున్నాడు. ఏ జబ్బుతో పోయారన్నది ఆయన తేల్చే పని కాదు. పోయారా లేదా, అంతే. ఒకే ప్రభుత్వంలో ఒక శాఖ చావుల్ని చేర్చుకుంటూ ఉంటే ఇంకో శాఖ లేవంటూ పోయింది. ఇద్దరి జీతాలూ ఒకే ఖజానా నుంచి.

ఇక సరిహద్దుల భాగోతం. 2020 మార్చిలో ఊళ్ళవాళ్ళు పొలిమేరల్లో ముళ్ళకంపలు అడ్డం వేసి, మీ ఊరికి మేం రాం, మా ఊరికి మీరు రావొద్దని బోర్డులు పెడితే పట్నంవాళ్ళు నవ్వారు. నవ్వుతుండగానే ప్రభుత్వాలు ఆ ముళ్ళకంపనే విధానంగా స్వీకరించాయి. హైదరాబాద్‌లో హాస్టళ్ళు మూసేస్తుంటే పోలీసులు పిల్లలకి పాసులిచ్చి, బాబూ, మీ ఊళ్ళకి వెళ్ళండన్నారు. వాళ్ళు బైకుల మీదా కార్లలోనూ సరిహద్దులోని గరికపాడు చెక్‌పోస్టు దాకా వచ్చాక ఆంధ్రా పోలీసులు ఆపేశారు. ఈ పాసు మాకు చెల్లదన్నారు. ఉద్యోగానికీ కోచింగుకీ పనికొచ్చిన రోడ్డు ఇంటికి పోవడానికి పనికిరాలేదు.

ఏప్రిల్ నెలాఖరుకి తమిళనాడులోని వేలూరు జిల్లా అధికారులు ఒక మెట్టు పైకెక్కారు. చిత్తూరు వైపు వచ్చే రోడ్ల మీద అడ్డంగా సిమెంటు దిమ్మెలతో గోడలు కట్టించారు. అలంకారం కాదండీ, నిజం గోడలే, తారు రోడ్డు మీద. చిత్తూరు జిల్లా మనిషికి పెద్ద జబ్బు చేస్తే ముందు గుర్తొచ్చేది వేలూరు సీఎంసీ ఆసుపత్రి. రోగం రాకుండా ఉండాలంటే రోగి రాకూడదు అన్న సిద్ధాంతాన్ని ఇంత గట్టిగా, ఇటుకా సున్నంతో నిరూపించినవాళ్ళు చరిత్రలో అరుదు. గోల పెరిగాక ఒకటి రెండు రోజుల్లో వాళ్ళే కూలగొట్టారు. కట్టిన కూలీ, కూల్చిన కూలీ ఏ పద్దు కింద రాశారోగానీ, ఆ కష్టకాలంలో నలుగురు మేస్త్రీలకి పని దొరికింది.

అసలు అంకం 2021 మే 10న. కర్నూలు దాటగానే పుల్లూరు టోల్‌ప్లాజా. తెలంగాణ పోలీసులు అంబులెన్సుల్ని ఆపారు. లోపల ఆక్సిజన్ మీద మనుషులు. హైదరాబాద్ ఆసుపత్రిలో బెడ్ ఉన్నట్టు కాగితం చూపిస్తేనే దారి, లేకపోతే వెనక్కి. తెలంగాణ హైకోర్టు కోప్పడింది. ప్రభుత్వం వెంటనే తప్పు దిద్దుకుంది. అంటే, నోటి మాటగా జరుగుతున్నదాన్ని ఉత్తర్వుగా రాసి ఇచ్చింది. బయటి రాష్ట్రం రోగి ముందు ఆసుపత్రితో ఒప్పందం చేసుకోవాలి, ఆసుపత్రి కంట్రోల్ రూముకి చెప్పాలి, కంట్రోల్ రూము అనుమతించాలి, అప్పుడు రోగి బయల్దేరాలి. అందాకా ఊపిరి బిగబట్టుకుని ఉండాలని మాత్రం అందులో రాయలేదు. మే 14న హైకోర్టు ఆ ఉత్తర్వుని నిలిపేసింది. అప్పటికి చెక్‌పోస్టు దగ్గరే ప్రాణాలు పోయాయని వార్తలొచ్చేశాయి.

తెలంగాణ బాధ కూడా బాధే. బెడ్లు చాలడం లేదు, సొంతవాళ్ళకే దిక్కులేదు. కాదన్నవాళ్ళెవరు? కానీ రాష్ట్ర పునర్విభజన చట్టం ప్రకారం అప్పటికి హైదరాబాద్ ఇంకా రెండు రాష్ట్రాలకీ ఉమ్మడి రాజధాని. 2024 జూన్ 2 దాకా గడువుంది. రాజధానిలో వాటా ఉంది, బెడ్‌లో లేదు. ఇంకో వింత, గద్వాల, అలంపూరువాళ్ళకి ఒళ్ళు బాగోకపోతే వాళ్ళు పరిగెత్తేది హైదరాబాద్‌కి కాదు, కూతవేటు దూరంలో ఉన్న కర్నూలు పెద్దాసుపత్రికి. తుంగభద్ర మీద వంతెనకి రెండు వైపులా రోగులే. వంతెన మధ్యలో మాత్రం ఆరోగ్యవంతులైన పోలీసులు.

ఈ అడ్డంకులేవీ లేకుండా, పాసూ గీసూ అడగకుండా తిరిగింది పుకారు ఒక్కటే. దానికి వాట్సాపే జాతీయ రహదారి. మొదట అది కోడి మీద పడింది. చికెన్ తింటే కరోనా వస్తుందన్నారు. జనం భయం పోగొట్టాలని 2020 ఫిబ్రవరి ఆఖర్లో హైదరాబాద్‌లో మంత్రులు కేటీఆర్, ఈటల, తలసాని వేదికెక్కి అందరి ముందూ కోడికాళ్ళు కొరికారు. మంత్రులు తింటే ప్రజలు నమ్ముతారన్న నమ్మకమే ఒక పుకారని అప్పుడు తేలింది. కోడి ఇంకా చవకైంది. తర్వాత బ్రహ్మంగారు కాలజ్ఞానంలో ముందే చెప్పారని మొదలైంది. ఆయనేమో జరిగేది చెప్పి ఊరుకుంటారు, మనవాళ్ళేమో జరిగిపోయాక ఆయన చేత చెప్పిస్తారు.

పుకార్లకి చదువురానివాళ్ళే కారణమంటారు పెద్దలు. మరి పెద్దలేమన్నారో చూద్దాం. అప్పటి తెలంగాణ ముఖ్యమంత్రి కేసీఆర్ శాసనసభలో పారాసిటమాల్ గోలీ చాలన్నారు. అప్పటి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి జగన్ విలేకరుల సమావేశంలో పారాసిటమాల్‌కి బ్లీచింగ్ పౌడర్ కూడా జోడించారు. కృష్ణా నీళ్ళ దగ్గర ఏకాభిప్రాయానికి రాని రెండు రాష్ట్రాలు ఒక్క బిళ్ళ దగ్గర ఒక్కటైన అపురూప సందర్భమది. ఏడాది దాటేసరికి నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో ఆనందయ్య అనే నాటువైద్యుడి మందు కోసం వేల మంది, భౌతిక దూరం మాట దేవుడెరుగు, ఒకళ్ళ మీద ఒకళ్ళు పడ్డారు. మందు కోసం వెళ్ళి జబ్బు తెచ్చుకునే వసతి ఒకే క్యూలో దొరికింది. ఆయుష్ శాఖవాళ్ళు పరిశీలించి, హాని లేదు, నయమవుతుందని మాత్రం చెప్పలేం అన్నారు. మనం మొదటి ముక్క విని లేచి వచ్చేశాం. మే 31న ప్రభుత్వం, కంట్లో వేసే చుక్కలు తప్ప మిగతాది ఇవ్వొచ్చంది. ఆక్సిజన్ ఇవ్వలేని ప్రభుత్వం ఆశని మాత్రం ఎలా ఆపుతుంది, ఆనందయ్యని తప్పుపట్టి ఏం లాభం?

పుకారూ సరిహద్దూ కలిసి కాపురం పెట్టిన సందర్భమూ ఒకటుంది. కర్నూలులో కనిపించిన ఎన్440కె కరోనా రకం భయంకరమైందని అప్పటి ప్రతిపక్ష నేత చంద్రబాబు 2021 మేలో అన్నారు. కర్నూలు పోలీసులు ఆయన మీద కేసు పెట్టారు. హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు, అయ్యా, ఆ రకం ఇప్పటికే తగ్గుముఖం పట్టింది, అసలు భయపడాల్సింది వేరే రకాలకి అని మొత్తుకున్నారు. ఢిల్లీ ప్రభుత్వం మటుకు ఆంధ్రా, తెలంగాణల నుంచి వచ్చేవాళ్ళకి పద్నాలుగు రోజులు క్వారంటైన్ అంది. అప్పుడు ఢిల్లీలో రోజూ వందల మంది పోతున్నారు. శ్మశానాల ముందు వరసలున్నాయి. అలాంటి ఢిల్లీకి మన వల్ల ప్రమాదమట.

పుల్లూరులో అంబులెన్సులు ఆగిన ఆ మే 10నే రాత్రి తిరుపతి రుయా ఆసుపత్రిలో ట్యాంకరు ఆలస్యమై ఆక్సిజన్ అందక 11 మంది పోయారు. జూలై 20న రాజ్యసభలో కేంద్ర ఆరోగ్య శాఖ, ఆక్సిజన్ కొరతతో చనిపోయినట్టు రాష్ట్రాలేవీ ప్రత్యేకంగా తెలపలేదని చెప్పింది. అది అబద్ధం కాదు. రాష్ట్రాలు రాయలేదు, కేంద్రం చదవలేదు, ఇద్దరి మధ్యా గాలి కూడా చొరబడని అవగాహన. తర్వాత మళ్ళీ అడిగితే, అలాంటి అనుమానం ఉందని రాసినవాటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. పాపం, అలవాటు లేక నోరు జారినట్టుంది.

2022 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ, 2020, 2021ల్లో భారతదేశంలో మామూలు కంటే 47 లక్షల మంది ఎక్కువ చనిపోయి ఉంటారని లెక్క కట్టింది. మన ప్రభుత్వ లెక్క ఐదు లక్షల లోపు. మీ గణిత నమూనా మాకు నప్పదు, మా దగ్గర అసలు రిజిస్టర్లే ఉన్నాయి అని కేంద్రం మండిపడింది. 47 లక్షలన్నది అంచనాయే, దాన్ని ప్రశ్నించడంలో తప్పులేదు. మనదైన రిజిస్టర్ ఉందనడమూ నిజమే. అందుకే ఆ రిజిస్టర్ల 2020 నివేదికని ఆ అంచనాకి సరిగ్గా రెండు రోజుల ముందు హడావుడిగా విడుదల చేశారు. మరి చావులు విరగబడిన 2021 నివేదికో? అది రావడానికి 2025 మే దాకా పట్టింది. అందులో 2021లో నమోదైన మరణాలు కోటీ రెండు లక్షలు. ముందటేడు 81 లక్షలు. ఒక్క ఏడాదిలో 21 లక్షలు పెరిగాయి. ఆ ఏడు కరోనా మరణాలుగా ఒప్పుకున్నవి సుమారు మూడు లక్షల ముప్పై వేలు. మిగిలినవాళ్ళు బహుశా బులెటిన్ చూసి బెంగతో పోయారు.

ఇన్నాళ్ళ వాదనని తేల్చింది శాస్త్రవేత్తలు కాదు, యాభై వేల రూపాయలు. సుప్రీంకోర్టు చలవ వల్ల 2021 ఆఖర్లో కరోనా మృతుల కుటుంబాలకి తలా యాభై వేలు ఇవ్వాల్సొచ్చింది. పాజిటివ్ వచ్చిన ముప్పై రోజుల్లోపు పోతే, షుగరున్నా బీపీ ఉన్నా అది కరోనా చావే అన్నారు. 2022 జనవరిలో రాష్ట్రాలు కోర్టుకి లెక్కలు చెప్పాయి. తెలంగాణ అప్పటికి ఒప్పుకున్న మరణాలు నాలుగు వేల లోపు. వచ్చిన దరఖాస్తులు దాదాపు 29 వేలు. సర్కారే సరిచూసి ఆమోదించినవి 15 వేలకి పైగా. ఆంధ్రప్రదేశ్‌లో మరణాలు 14 వేల పైచిలుకు, దరఖాస్తులు 36 వేల పైన. డబ్బు పంచడంలో నత్తనడక నడిచినందుకు అక్కడి ప్రధాన కార్యదర్శిని, బిహార్ ప్రధాన కార్యదర్శితో పాటు, కోర్టు పిలిపించింది. తెలంగాణలో చావులు దాస్తున్నారని వీధికెక్కిన బీజేపీ ఏలుతున్న గుజరాత్‌లో బులెటిన్ మరణాలు పది వేలు, ఆమోదించిన దరఖాస్తులు 68 వేలు. దాచడంలో ప్రాంతీయ, జాతీయ భేదం లేదు.

డబ్బులిచ్చాకైనా బులెటిన్ దిద్దారా? తెలంగాణ మొత్తం ఈ రోజుకీ 4,111 దగ్గరే ఉంది. పదిహేను వేల పైచిలుకు దరఖాస్తులు ఆమోదించిన ప్రభుత్వం, అందులో పదకొండు వేల మంది ఎందుకు పోయారో చెప్పనక్కర్లేదనుకుంది.

మీకు తీరికుంటే ఒక పని చెయ్యండి. మీ ఊళ్ళో జనన మరణాల రిజిస్టర్ పంచాయతీ కార్యదర్శి దగ్గరే ఉంటుంది. 2019 మేలో ఎందరు పోయారు, 2021 మేలో ఎందరు పోయారు అని సమాచార హక్కు చట్టం కింద ఒక కాగితం రాసి ఇవ్వండి. గ్రామ స్థాయిలో ఫీజు లేదు. మండలంలో అడిగితే ఐదు రూపాయలు, ఆ పైన పది. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. రెండు అంకెలూ పక్కపక్కన రాసి పంచాయతీ ఆఫీసు గోడకి అంటించండి.