చెరువు హైడ్రా పద్యానికి ‘రాగిముద్ద’ వ్యాఖ్య

అవతారిక: మడక అంటే మా సీమలో నాగలి. ఆ పేరు మోసే మడకశిరలో వాన పడితే చెరువు, పడకపోతే పిల్లల ఆటమైదానం. చెరువు నిండిన ఏడు, ఇంటర్ చదివే మా మేనల్లుడు గాజుగ్లాసులో నాచు తెచ్చి, “మామా, ఈ దారప్పోగు తింటాంది సూడు” అన్నాడు. ఆ పోగే హైడ్రా. దాని మీద పద్యం వాడిది, వ్యాఖ్య మాది.

మూలం:
కాలు లేదు, చూడఁ గన్నును లేదయా
నోరు కలదు, కడుపు నోటి వెనుక
తిన్న దారిలోనె తిరిగి యుమ్మును పిప్పి
చెరువు నీటి హైడ్ర చిత్రమయ్య

ప్రతిపదార్థం: కాలు లేదు = నడకకు కాలు లేదు (నాచును పట్టుకునే అడుగుపీట కాలి లెక్కలోకి రాదు); కన్నును లేదయా = వెలుగు తెలిసినా కన్ను లేదు; నోరు కలదు = స్పర్శకాల నడుమ ఒక్క నోరు కలదు; కడుపు నోటి వెనుక = పేగుల ప్రమేయం లేక నేరుగా కడుపే కలదు; తిన్న దారిలోనె = లోనికి పోయిన వాకిటనే; ఉమ్మును పిప్పి = అరగని పెంకును వెళ్లగక్కును.

తాత్పర్యం: సెంటీమీటరుకు అటూ ఇటూ ఉండే ఈ జీవి స్పర్శకాలు వేలాడేసి కాచుకుంటుంది. డాఫ్నియా అనే నీటిపురుగు తగిలిందా, దంశకణాలు విషపు ముల్లు దింపుతాయి. మూసినప్పుడు అతుకైనా కనబడని నోరు అప్పుడు చీలినట్టు తెరుచుకుంటుంది. కడుపులో గ్రంథికణాలు రసాలు వదులుతాయి, కశాభాలు తెడ్డులా కలుపుతాయి. గంజిగా మారిన తునకలను గోడలోని కణాలు లోనికి లాక్కుని మిగతా అరుగుదల ముగిస్తాయి. పొయ్యి ఉమ్మడి, విస్తళ్లు వేరు.

ఆక్షేపం: నమలకుండా మింగడమూ ఒక భోజనమేనా?
సమాధానం: రాగిముద్దను నమిలినవాణ్ణి చూసి మా వైపు నవ్వుతారు. ఊరిబిండి పచ్చడిలో అద్ది మింగడమే శాస్త్రం.

ఆక్షేపం: కన్ను లేనిది, కదిలిన ప్రతిదానికీ నోరు తెరుస్తుందా?
సమాధానం: తెరవదు. ముల్లు దిగిన జీవి ఒంట్లోంచి గ్లూటాథయోన్ అనే పదార్థం కారితేనే తెరుస్తుంది. ఈ గుట్టు 1955లో లూమిస్ అనే శాస్త్రవేత్త విప్పాడు. విస్తరి కనబడగానే నోరూరే మనకన్నా నయం.

పాఠాంతరం: ట్రెంబ్లే అనే స్విస్ పండితుడు ఈ జీవిని చొక్కాలా లోపలిది బయటికి తిరగేసి చదివాడు, ఆ ముచ్చట 1744లో అచ్చువేశాడు. అర్థం చెడలేదు, అది బతికింది.

విశేషం: తిండి మిగిలితే హైడ్రా ఒంటి పక్కన మొగ్గ తొడుగుతుంది. కరువొస్తే మొగ్గలు మాని తానే కుంచించుకుపోతుంది. మొగ్గ పిల్లై విడిపోయేదాకా తల్లి కడుపూ బిడ్డ కడుపూ ఒకటే. ఇక్కడి మెతుకు అక్కడికి పోతుంది.

దృష్టాంతం: ఇంతలో మా అక్క, “ముద్ద సల్లారిపోతాంది, రాండ్రా” అని కేకేసింది. వెళ్లి చూస్తే రెండు గంటలైనా తాను తినలేదు, కొడుకు కోసం కూర్చుంది. కడుపులు ఎప్పుడో వేరైన కబురు ఆమెకింకా అందలేదు.

వ్యాఖ్య సమాప్తం.