అడవిని కాల్చింది ఎండేనట!

మహాభారతంలో ఖాండవవనం తగలబడింది. ఆ కేసులో వ్యాసుడు దేన్నీ దాచలేదు. కాల్చినవాడు అగ్నిదేవుడు. కారణం అజీర్తి. శ్వేతకి మహారాజు యాగాల్లో ఏళ్ల తరబడి నెయ్యి తాగీ తాగీ అరగక, అడవిని మింగితే తప్ప తగ్గదని తేలింది. సాయపడినవాళ్లు కృష్ణార్జునులు. వాన కురిపించి అడ్డుపడబోయినవాడు ఇంద్రుడు. ప్రాణాలతో బయటపడ్డవాళ్లు ఆరుగురు: తక్షకుడి కొడుకు అశ్వసేనుడు, మయుడు, నాలుగు శార్ఙ్గక పిట్టలు. నిందితులు, ఉద్దేశం, అడ్డుపడ్డవాడు, మిగిలినవాళ్ల జాబితా అన్నీ పక్కాగా ఉన్నాయి. సాక్షాత్తూ దేవుళ్లే నిందితులైనా ‘ఎండలకు అంటుకుంది’ అని ఒక ముక్క రాసేసి వ్యాసుడు చేతులు దులుపుకోలేదు.

ఆ పని మనం చేస్తున్నాం. ఫిబ్రవరి వెళ్తూనే నల్లమల నుంచి శేషాచలం దాకా, ఆదిలాబాద్ టేకు అడవుల నుంచి పాపికొండల దాకా ఎక్కడో ఒకచోట పొగ లేస్తుంది. మర్నాడు టీ కొట్లో, ఆఫీసులో, పెళ్లి భోజనాల దగ్గర అందరిదీ ఒకటే మాట: ‘ఎండలు అలా ఉన్నాయి మరి!’ ఇంకొంచెం చదువుకున్నవాడైతే ‘వెదుర్లు ఒకదానితో ఒకటి రాసుకుంటే నిప్పు పుడుతుందండీ’ అని సైన్సు కూడా చెబుతాడు. నిప్పు లేనిదే పొగ రాదని తరతరాలుగా చెప్పుకుంటున్నవాళ్లం. నిప్పు మాత్రం మనిషి లేకుండానే వస్తుందని గట్టిగా నమ్ముతాం.

ఈ నమ్మకాన్ని కాస్త కొలిచి చూద్దాం. ఎండుటాకు తనంతట తాను భగ్గుమనాలంటే వేడి 200 డిగ్రీలు దాటాలి. మన రెంటచింతల ఎంత మండిపోయినా 50 లోపే ఆగిపోతుంది. మిగతా 150 డిగ్రీలు ఎక్కణ్నుంచి వచ్చాయో ఎవరూ చెప్పరు. ఎండకే అంటుకునేటట్టయితే ఏప్రిల్లో మిద్దెల మీద ఆరబెట్టిన వడియాలు నూనె మొహం చూడకుండానే వేగిపోవాలి. గుంటూరు వైపు కల్లాల్లో ఎర్రగా పరిచిన మిరపకాయలు బూడిద కుప్పలైపోవాలి. పల్లెల్లో ఒక్క గడ్డివామి మిగలకూడదు. ఇవేవీ కాలవు. కాలేది అడవొక్కటే. అందులోనూ చిత్రం, రోడ్డు పక్కనో, కాలిబాట పక్కనో, జనం కూర్చుని లేచిన నీడ పక్కనో మొదలవుతుంది. ఎండకు దారులన్నీ బాగా తెలిసినట్టున్నాయి!

ఇక వెదురు. గాలికి రాసుకోవడం వెదురుకు ఏడాది పొడుగునా ఉన్న పనే. రాపిడితో నిప్పు పుట్టించడం ఎంత కష్టమో యజ్ఞాల్లో అరణి మథించే ఋత్విక్కులను అడగండి. బాగా ఆరిన కొయ్యలు తెచ్చి, తాడు చుట్టి, మనిషి మార్చి మనిషి చెమటోడ్చి చిలికితే గానీ నిప్పురవ్వ రాలదు. అంతమంది వేదపండితులు చేసే పనిని, గాలికి ఊగే వెదురుబొంగు మంత్రం తంత్రం లేకుండా చేసేస్తుందట. పిడుగుల వల్ల అడవులు కాలడం కెనడా లాంటి చోట్ల పెద్ద సంగతే. మన దగ్గర పిడుగు చాలావరకు వానను వెంటపెట్టుకునే వస్తుంది. అందుకే దేశంలో అడవి మంటల్లో దాదాపు 95 శాతం మనుషుల వల్ల పుట్టినవేనని అడవుల సంగతి చూసే ప్రభుత్వ సంస్థలు ఏళ్లుగా మొత్తుకుంటున్నాయి. మనం మిగతా అయిదు శాతాన్ని పట్టుకుని వేలాడుతున్నాం.

ఆ మనిషి ఎవరో చూడాలంటే వేసవిలో ఒక ఆదివారం హైదరాబాదు నుంచి శ్రీశైలం దారి పట్టండి. మన్ననూరు చెక్‌పోస్టు దాటితే అమ్రాబాద్ పులుల అభయారణ్యం. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా బండ్లను వదలరు, జంతువులు నెమ్మదిగా తిరగాలి కనుక. పగలు మాత్రం అడవి మన చేతికొస్తుంది. చల్లటి నీడ చూసి కారు ఆపుతారు. బావగారు మూడు రాళ్లు పేరుస్తారు. తోడల్లుడు డిక్కీలోంచి మసాలా పట్టించిన చికెన్ దించుతాడు. పిల్లలు ఎండుపుల్లలు ఏరుకొస్తారు, వాళ్లకూ ఈమాత్రం ప్రకృతి పరిచయం ఉండాలి కదా. అభయారణ్యానికి ముప్పు తెచ్చేలా నిప్పు రాజేయడం, రాజేసిన నిప్పును వదిలేసి పోవడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ఆ చట్టం స్మగ్లర్ల కోసమని బావగారి అభిప్రాయం. ఆయనకు సొంత ఫ్లాటుంది, నెలనెలా ఈఎంఐ కడుతున్నారు, ఆయన నేరస్థుడెలా అవుతారు?

తిని లేచేటప్పుడు అక్కయ్య ఒక్కతే అడుగుతుంది: ‘ఏమండీ, ఆ పొయ్యి మీద నీళ్లు పోశారా?’

‘అదే ఆరిపోతుందిలేవే!’ అంటూ ఆయన కారెక్కి, సిగరెట్టు ముట్టించి, రెండు మలుపులు దాటాక పీకను కిటికీలోంచి విసిరేస్తారు.

మన నిప్పుకున్న స్వాతంత్ర్యం చూడండి. దానంతటదే అంటుకుంటుంది, దానంతటదే ఆరిపోతుంది. మధ్యలో బావగారి ప్రస్తావన ఎక్కడా రాదు.

స్వామి దర్శనం చేసుకుని తిరిగొస్తుంటే అదే దారిలో పొగ. కార్లు రెండు వైపులా ఆగిపోతాయి. భయపడి ఆగాయనుకుంటే పొరపాటు, ఫోన్ల కోసం ఆగాయి. ఒకాయన మంటకు వీపు పెట్టి నవ్వుతుంటాడు. ఒక కుర్రాడు వెనక పాట పెట్టి రీలు చేస్తుంటాడు. బావగారు కారు దిగి, తల అడ్డంగా ఊపి, ‘అబ్బ, ఏం ఎండలండీ!’ అంటారు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పు అడిగాడట వెనకటికొకడు. పాపం, అతనడిగింది నిప్పే. ఇప్పటివాడికి వెలుతురు కూడా సరిగ్గా మొహం మీద పడాలి.

ఈ సరదా ఎక్కడ నిలబడి చేస్తున్నామో కూడా చూసుకోం. మంట కొండెక్కేటప్పుడు పరుగందుకుంటుంది. వాలు 10 డిగ్రీలు పెరిగితే దాని వేగం దాదాపు రెట్టింపవుతుందని మంటలార్పేవాళ్ల లెక్క. ఘాట్ రోడ్డులో లోయ అంచున నిలబడి కింది మంటను వీడియో తీస్తున్నవాడు, సరిగ్గా అది ఎక్కివచ్చే దారిలో నిలబడ్డాడన్నమాట. 2018 మార్చి 11న తమిళనాడులోని తేని జిల్లా కురంగణి కొండల్లో ట్రెక్కింగ్‌కు వెళ్లిన బృందం ఎండుగడ్డి వాలు మీద మంటల్లో చిక్కుకుంది. 20 మందికి పైగా చనిపోయారు. వాళ్లు కొండలు చూడబోయి మంటకు చిక్కారు. మనం కారు దిగి మరీ మంటను చూడబోతున్నాం.

దారిలో మంట ఎదురైతే చేయాల్సింది నిజానికి చిన్న పని. ముందు దారి కనబడుతుంటే అద్దాలెత్తి, లైట్లు వేసి, ఎక్కడా ఆగకుండా దాటిపోవాలి. పొగలో ఏమీ కనబడకపోతే బండి వెనక్కి తిప్పాలి. తర్వాతి చెక్‌పోస్టులో ఆగి, ఏ కిలోమీటరు రాయి దగ్గర ఏ పక్కన చూశామో చెప్పాలి. ఇందులో లైకులు రావు గనక ఎవరూ చేయరు.

మనం చెప్పకపోయినా చెప్పేదొకటి ఆకాశంలో ఉంది. 800 కిలోమీటర్ల పైన తిరిగే సువోమీ ఎన్‌పీపీ ఉపగ్రహం నేల మీది వేడి చుక్కను 375 మీటర్ల గడిలో పట్టేస్తుంది. డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా ఆ చుక్క ఏ అడవిలో, ఏ బీటులో ఉందో చూసి కింది సిబ్బంది ఫోన్లకు కబురు పంపుతుంది. అయితే ఉపగ్రహం తన వేళకు తాను వస్తుంది. రెండు రాకల మధ్య గంటలు గడుస్తాయి. ఆ గంటల్లో మంటకు ఇరవై అడుగుల దూరంలో నిలబడి, చేతిలో ఫోను, కారులో పెట్రోలు, కాళ్లలో సత్తువ ఉన్నది మనకే. అంతరిక్షంలోని యంత్రం అడవికి కబురు చేరవేస్తే, రోడ్డు మీది మనిషి సిగ్నల్ దొరకగానే స్టేటస్ పెట్టాడు.

సర్కారువారి సన్నద్ధత గురించి కూడా రెండు ముక్కలు. ప్రతి ఏటా సీజనుకు ముందు ఏసీ హాల్లో సమీక్ష జరుగుతుంది. అడవులే మన ఊపిరి అన్న ఫ్లెక్సీని చెట్టుకే మేకులు కొట్టి తగిలిస్తారు. అసలు పని ఫైర్ లైన్లలో ఉంది. అడవిలో కొన్ని మీటర్ల వెడల్పున ఆకు, గడ్డి లేకుండా చెక్కిన బాట అది. మంట అక్కడిదాకా వచ్చి, తినడానికేమీ దొరక్క ఆగిపోవాలి. సీజను రాకముందే గీసి, ఆకు రాలినన్నాళ్లూ ఊడుస్తూనే ఉండాలి. ఒకసారి గీసి ఫొటో తీసుకుని వదిలేస్తే నాలుగు రోజుల్లో మళ్లీ ఆకు పరుచుకుంటుంది. ఫైల్లో మాత్రం ఏడాదంతా శుభ్రంగా ఉంటుంది. మంట వచ్చిన రోజున కింది మనిషికి దక్కేది చేతిలో పచ్చికొమ్మ. వీపున ఆకులూదే బ్లోయరు కూడా ఉంటే అతను అదృష్టవంతుడు. 2014 మార్చిలో తిరుమల చుట్టూ శేషాచలం అంటుకుంటే సైన్యాన్ని, హెలికాప్టర్లను పిలిపించారు. మంచిదే. కానీ కొండకొక వేంకటేశ్వరుడు ఉండడు కదా. నల్లమల బీటులో పచ్చికొమ్మే హెలికాప్టరు.

ఎండ మీద వేసిన నేరం మరీ అతకకపోతే రెండో నిందితుణ్ని సిద్ధంగా ఉంచుకుంటాం. చెంచులు, పశువుల కాపరులు, ఆకు ఏరుకునేవాళ్లు. అడవిమీద బతికేవాళ్లలో నిప్పు పెట్టేవాళ్లు లేరని ఎవరూ అనరు. ఇప్పపువ్వు తెల్లారుజామున రాలుతుంది, కింద ఎండుటాకు ఉంటే ఏరడం కష్టమని చెట్టు మొదట్లో కాలుస్తారు. తునికి చిగురు లేతగా రావాలని పొదలు కాల్చేవాళ్లున్నారు, కొమ్మ కొట్టినా అదే చిగురు వస్తుంది గానీ దానికి కూలీ ఇవ్వాలి. కొత్త గడ్డి కోసం కాల్చే కాపరులున్నారు. తప్పే. అయితే ఆ నిప్పు వెనక ఒక పూట కూడుంది, దానికి ధర కట్టిన బీడీ వ్యాపారముంది. మన సిగరెట్టు పీక వెనక ఏముంది? కారులో యాష్‌ట్రే మాసిపోతుందన్న దిగులు. ఇంకో సంగతి. మంట లేచినప్పుడు అర్ధరాత్రి గుట్టెక్కి కొమ్మలతో కొట్టి ఆర్పే ఫైర్ వాచర్లలో, బేస్ క్యాంపుల కాపలాదారుల్లో ఆ చెంచులే ఉంటారు. నిందకూ వాళ్లే, నీళ్లకూ వాళ్లే.

అంతా అయ్యాక నష్టం లెక్క రాస్తారు: ఎండుటాకులు, గడ్డి కాలాయి, చెట్లకు నష్టం లేదు. మన అడవి మంట ఎక్కువగా నేలమంటే, నిజం. పెద్ద మద్దిమాను మొదలు నల్లబడి నిలబడే ఉంటుంది. దాని కింద రేపటి మద్దిమాను కావలసిన వేలెడు మొలక లెక్కలోకి రాదు. నేల మీద గుడ్లు పెట్టే పిట్టకు, పరిగెత్తలేని నక్షత్ర తాబేలుకు ఫారంలో గడి లేదు. తొలకరికి కప్పులేని మన్ను కొట్టుకుపోయి వాగులో పడి కృష్ణలో కలుస్తుంది. మొలకలు పోయిన చోట గడ్డి, లంటానా దట్టంగా అల్లుకుని మళ్లీ ఏటి మంటకు మేత సిద్ధం చేస్తాయి. ఖాండవంలో పిట్టల్ని కూడా లెక్కపెట్టిన దేశం మనది, ఇప్పుడు ఆకుల దగ్గర ఆగిపోయాం.

పోనీ, ఇదంతా చెప్పాపెట్టకుండా వచ్చే విపత్తా? మంటల కాలం ఎప్పుడొస్తుందో పంచాంగంలోనే ఉంది. మహాశివరాత్రికి వేలమంది భక్తులు వెంకటాపురం, నాగలూటి, పెచ్చెరువు, కైలాసద్వారం మీదుగా నల్లమలలో నడిచి శ్రీశైలం చేరతారు. ఉగాదికి కన్నడ భక్తులు నడుస్తారు. చైత్ర పౌర్ణమికి సలేశ్వరం జాతర, అడవి పొడిపొడిగా ఉన్న రోజుల్లోనే. దేవుడి తేదీలు మారవు, ఆకు రాలే కాలం మారదు. మార్చగలిగింది మన సంచిలోని సరంజామా ఒక్కటే.

అందుకని బావగారికి ఒక మనవి. అడవిదారిలో అగ్గిపెట్టె, లైటరు, బొగ్గుల కుంపటి వద్దండీ. చెక్‌పోస్టు కుర్రాడు డిక్కీ తెరవమంటే మీ హోదా చెప్పకుండా తెరవండి. సిగరెట్టు మన్ననూరుకు ముందే కాల్చేయండి, మిగతాది శ్రీశైలం దిగాక. ఇక తిండంటారా, ప్రయాణానికి పులిహోర కట్టుకెళ్లడం మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉన్నదే. పొయ్యి అక్కర్లేదు, సాయంత్రం దాకా పాడవదు, పొట్లం విప్పితే చాలు. ఉపగ్రహాలు, హెలికాప్టర్లు, ఏసీ హాలు సమీక్షలు అన్నీ కలిపి చేయలేని పని, అక్కయ్య పొద్దున్నే లేచి పోపు పెడితే జరిగిపోతుంది. పోపు మీరే పెడితే మరీ మంచిది. నిప్పు రాజేయాలన్న ఆ సరదా వంటింట్లోనే తీరిపోతుంది.