మోకాలి చీటీ (టీకా తాత్పర్య సహితం)

మూలం: ఈత మొదలుపెట్టవచ్చు. కప్ప ఈత వద్దు. మెల్లగా. నొప్పి వస్తే ఆపాలి.

అవతారిక: షటిల్ కోర్టులో పాదం నేలకు అంటుకుని ఉండగా ఒళ్లు మాత్రం అటు తిరిగి, మోకాల్లో మెనిస్కస్ అనే మృదులాస్థి చినిగిన ఒకానొక గృహస్థుకు ఫిజియోథెరపిస్టు చేసిన ఉపదేశమిది. మూలంలో లేనిది రాయనని నియమం పెట్టుకున్న కొలచల మల్లినాథసూరి మన మెదక్ సీమవాడే. ఆయన రాసింది కాళిదాసుకు కాబట్టి చెల్లింది. ఈ చీటీలో లేనిదే ఎక్కువ.

ప్రతిపదార్థం:

ఈత = మోకాలి మీంచి ఒంటి బరువు దించే ఉపాయం. నడుము లోతు నీళ్లలో కాళ్ల మీద పడేది దాదాపు సగం బరువే. ఛాతీ లోతులో మూడో వంతుకు దిగుతుంది. గట్టున కుంటేవాడు అక్కడ దొరలా నడుస్తాడు.

మొదలుపెట్టవచ్చు = ఇది అనుమతి, విధి కాదు. అదే రోజు కళ్లజోడు, టోపీ, ఏడాది సభ్యత్వం కొనమని శాస్త్రం చెప్పలేదు.

కప్ప ఈత = బ్రెస్ట్ స్ట్రోక్. మోకాళ్లు మడిచి, పాదాలు బయటికి తిప్పి, కాళ్లను విసిరి దగ్గరికి లాగే ఈత. మోకాలు వెనక్కు మడిచి ముందుకు చాచేందుకు పుట్టిన కీలు. ఈ పక్క విసురుకు లోపలివైపు లిగమెంట్ సాగుతుంది. నిక్షేపంలాంటి ఈతగాళ్లకే ఈ నొప్పి పట్టుకుంటుంది గనుక వైద్యులు దీనికి ‘బ్రెస్ట్ స్ట్రోకర్స్ నీ’ అని నామకరణం కూడా చేశారు.

శంక: ఊరి బావిలో నేర్చినవాడికి వచ్చేదే కప్ప ఈత గదా, వాడి గతేమిటి?

సమాధానం: తొడల మధ్య పుల్ బాయ్ అనే తేలే దిమ్మ ఇరికించుకుని చేతుల్తో బారలు వేయాలి. కాళ్లు ఊరికే వెంట వస్తాయి. కొన్నాళ్లకు తుంటి నుంచి చిన్నగా తన్నవచ్చు. గోడను తన్ని గిరుక్కున మళ్లడం కూడా ఈ నిషేధంలోకే ఉపలక్షణంగా వస్తుంది.

మెల్లగా = వంటల పుస్తకంలో ‘ఉప్పు తగినంత’ జాతికి చెందిన మాట. అయితే కారణం ఉంది. మెనిస్కస్‌కు బయటి అంచునే రక్తం అందుతుంది, లోపలి భాగానికి అందదు. రక్తం అందనిచోట తొందర పనికిరాదు.

నొప్పి వస్తే = వ్యాఖ్యాతలు తికమకపడేది ఇక్కడ. నీళ్లలో ఉన్నంతసేపూ నొప్పి రాకపోవచ్చు, మర్నాడు పొద్దున రావచ్చు. మోకాలి చిప్పకు లోపలి పక్కన ఒక చిన్న గుంట ఉంటుంది. లేవగానే అది పూడి నున్నగా కనిపిస్తే నిన్న ఈదింది ఎక్కువైందని గ్రహించి, ఈసారి తగ్గించుకోవాలి.

పాఠాంతరం: పెద్దమ్మగారి ప్రతిలో ‘నువ్వులనూనె రాయాలి, చల్లనీళ్లు తగలరాదు’ అని అదనంగా కనిపిస్తుంది. ప్రక్షిప్తం. కానీ ఆవిడ ఎదుట ఆ మాట అనకూడదు.

తాత్పర్యం: దిగు, కప్పవు కాకు.

విశేషం: దిగమన్న మూలం ఎక్కడం గురించి మౌనం వహించింది. అసలు పరీక్ష స్టీలు నిచ్చెన దగ్గరే. నీళ్లు మోసిపెట్టిన బరువును మెట్టుకింత చొప్పున తిరిగి అప్పజెప్తాయి. మూడో మెట్టుకు మోకాలు వణుకుతుంది. వెనక వరుసలో నిలబడ్డ ఆరో క్లాసు పిల్లవాడు, “అంకుల్, తొందరగా ఎక్కండి, మా బ్యాచ్ టైమైంది” అంటాడు. ఎక్కేటప్పుడు మంచికాలు ముందు, దిగేటప్పుడు దెబ్బకాలు ముందు అన్న సూత్రం ఆ క్షణంలో తారుమారవుతుంది.

అలంకారం: విరోధాభాసం. ఈత ఊపిరిని పెంచుతుంది, ఒంటిని వంచుతుంది, కానీ దెబ్బ తర్వాత కరిగిపోయిన తొడ ముందరి కండను పూర్తిగా నిలబెట్టదు. బరువు లేనిచోట కండకు పనేముంది? అందుకు మోకాలి కింద తువాలు చుట్ట పెట్టి నొక్కిపట్టాలి, కాలు చాచి పైకెత్తి పట్టుకోవాలి. రోజూ. ఇవన్నీ బొమ్మలతో సహా చీటీ వెనకపక్కన అచ్చేసి ఉన్నాయి. ఆ పక్కకు ఇంతవరకు ఎవరూ టీక రాయలేదు.