గండికోటకు గుంపు, కలమల్లకు గుండుసున్నా

శని, ఆదివారాల ఫొటోగ్రఫీ శిక్షణంటే మన జిల్లాలో దారి ఒక్కటే: జమ్మలమడుగు దాటి గండికోట. పెన్నా లోయ అంచున ట్రైపాడ్లు బారులు తీరతాయి. పొడిచేది ఒకే సూర్యుడు కనక అందరి కార్డుల్లోనూ అదే ఫొటో. సర్టిఫికెట్ మాత్రం ఎవరిది వాళ్లకే.

అదే జిల్లాలో ఎర్రగుంట్ల పక్కనే ఉన్న కలమల్లలో మాత్రం ఎవరూ ఆగరు. అక్కడి చెన్నకేశవాలయ ఆవరణలో, క్రీ.శ. 575 ప్రాంతంలో రేనాటి చోళుడు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు వేయించిన శాసనం బయటపడింది. దొరికిన తెలుగు శాసనాల్లో అదే తొలిదంటారు. అక్షరాలు బాగా అరిగాయి. అలాంటి రాతి మీద ఎదురుగా ఫ్లాష్ కొడితే ఉన్న గీతలూ మాయం! వెలుగు పక్కనుంచి, రాతిని రాసుకుంటూ వాలుగా పడాలి. అప్పుడే గాట్లలో నీడ నిలిచి అక్షరం పైకి లేస్తుంది. శాసన పరిశోధకులు తడి కాగితం అద్ది, సిరా పూసి నకలు తీసేదీ ఆ గాట్ల కోసమే. వెలుగు పాఠానికి ఇంతకన్నా మంచి బడి ఏ ఫీజుకు దొరుకుతుంది? పాపం, ధనంజయుడు సెల్ఫీ పాయింటు చెక్కించడం మరిచాడు.

అన్నట్టు, కలమల్లను అసలు తీయలేదనకూడదు. గండికోట శిక్షణకు వెళ్లేవాళ్లు కారు ఆపకుండానే కిటికీలోంచి అక్కడి థర్మల్ విద్యుత్ కేంద్రం పొగగొట్టాలు తీశారు. ఆ ఫొటో కూడా వణికింది.