ఏటి మీద ఏరు

నేను కోనసీమలో గన్నవరం దగ్గర వైనతేయ గోదావరి మీద కట్టిన పాత అక్విడెక్టుని, అంటే కాలువ నీటిని ఏటి మీదుగా మోసేందుకు కట్టిన వంతెనని. నా కథను కొలతలతో మొదలుపెట్టడం తేలిక. 1850ల తొలినాళ్లలో లెఫ్టినెంట్ హేగ్ పర్యవేక్షణలో సున్నపు కట్టుబడితో లేచాను. నాకు 49 ఖానాలు, ఒక్కొక్కటి 40 అడుగులు. ఖానాల వెడల్పు కలిపితేనే 1,960 అడుగులు. చదువు కోసం ఊళ్లు తిరిగేవాళ్లు ఈ అంకెలు రాసుకుంటే నన్ను చూసినట్టేనని అనుకుంటారు. వయసూ పొడవూ కట్టడానికి ఆనవాళ్లే గాని చరిత్ర కావు. అది ఏ చిక్కు తీర్చడానికి పుట్టింది, ఆ చిక్కు తీరాక ఏ కొత్త చిక్కు వచ్చిపడింది అన్నవే దాని చరిత్ర. నా వాదమల్లా ఇదే.

నా చిక్కు వింటే మొదట నమ్మబుద్ధి కాదు. నా అవతలి ఒడ్డున ఉన్న నగరం లంకకు ఒక పక్క వైనతేయ, ఇంకో పక్క వశిష్ఠ, దిగువన సముద్రం. ఇన్ని నీళ్ల మధ్య పొలానికి మాత్రం నీళ్లు లేవు. వేసవిలో పాయ మట్టం చేలకన్నా బాగా కిందికి దిగిపోతుంది, పోటు వేళ ఉప్పునీరు ఎగదన్నుతుంది. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట గోదావరిని ఎత్తులో నిలిపి కాలువలకు మళ్లించింది. ఆ ఎత్తే కాలువకున్న ఆస్తి, ఎందుకంటే పల్లానికి పారడం తప్ప దానికి వేరే బలం లేదు. గన్నవరం ఒడ్డున దాన్ని పాయలోకి వదిలేస్తే ఎత్తూ పోతుంది, తీపి నీరూ సముద్రం పాలవుతుంది. అవతలి గట్టుకు ఏతాలతో తోడి లంకంతా తడపడం అయ్యే పని కాదు. అందుకే కాలువను కాలువగానే, మట్టం చెడకుండా, ఏటి మీదుగా దాటించాలి. నా పుట్టుకకు కారణం అదొక్కటే.

ఇదంతా దొరల భజన అనేవాళ్లుంటారు. శిస్తు పెంచుకోవడానికి కుంపిణీ చేసిన ఖర్చును ఉపకారమని ఎందుకు చెప్పుకోవాలని వాళ్ల ప్రశ్న. అందులో నిజం ఉంది. 1832-33 నాటి నందన కరువు, 1839 నాటి కోరంగి ఉప్పెన ఈ సీమను కుంగదీశాయి. రాజమండ్రి జిల్లా దుస్థితి మీద మాంట్‌గొమరీ నివేదిక వచ్చింది 1844లో. ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన ఇంజనీరు ఆర్థర్ కాటన్ కూడా దానికి అనుమతి అడిగినప్పుడు జనం ఆకలితోపాటు సర్కారుకు రాబోయే రాబడినీ లెక్కగట్టి చూపించాల్సి వచ్చింది. అయితే కట్టించినవాడి ఉద్దేశం వేరు, కట్టినవాడి పనితనం వేరు. ఆనకట్ట పనిలో కాటన్‌కు అండగా నిలిచిన వీణెం వీరన్న తెలుగువాడే. ఇక రాళ్లు మోసిన, సున్నం కలిపిన కూలీల పేర్లు ఏ శిలాఫలకం మీదా లేవు. కాబట్టి నన్ను చూడ్డానికి వచ్చినవాళ్లు పొగడ్తా తిట్టూ పక్కనపెట్టి, ఎవరి డబ్బు, ఎవరి చెమట, ఎవరి పంట అని మూడు పద్దులు విడివిడిగా రాసుకోవాలి.

పని మానేసిన కట్టడం ఏం నేర్పుతుందన్నది ఇంకో ఆక్షేపణ. 2000లో నా పక్కనే కొత్త అక్విడెక్టు వచ్చింది, నీటి బరువు ఇప్పుడు దానిదే. దీనికి అమెరికాలో ఉన్న నా ఈడువాడే జవాబు. 1848లో పెన్సిల్వేనియా, న్యూయార్క్ రాష్ట్రాల నడుమ డెలావేర్ నది మీద జాన్ రోబ్లింగ్ ఇనుప తీగల మోకులతో ఒక అక్విడెక్టును వేలాడదీశాడు. నది వెంట దిగే కలప తెప్పలు, నదిని అడ్డంగా దాటే బొగ్గు పడవలు గుద్దుకోకుండా పడవల కాలువను పైకెత్తడం అక్కడి అవసరం. 1898లో ఆ కాలువ మూతపడింది. అక్విడెక్టు రోడ్డు వంతెనగా మారింది. 1980లో జాతీయ ఉద్యానవనాల శాఖ దాన్ని కొని బాగుచేయించింది. తర్వాత బ్రూక్లిన్ వంతెనకు రూపం ఇచ్చిన చేయి ఎలా నేర్చుకుందో యాత్రికులు ఇప్పుడు అక్కడ చూస్తారు. అక్కడ బొగ్గు దాటింది, ఇక్కడ వరి దాటింది. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే రెండు దేశాలు ఆ కాలంలో దేనికోసం నదులను దాటాయో తెలుస్తుంది.

కోనసీమకు వచ్చేవాళ్లకు అంతర్వేది, అప్పనపల్లి, దిండి పడవలు చాలవా అని అడగొచ్చు. అవీ చూడాల్సినవే. కాని కొబ్బరి నీడన నిలబడి ఇదంతా ప్రకృతి వరమంటే మాత్రం లెక్క తప్పినట్టే. ఈ పచ్చదనంలో సగం మట్టం చూసి తవ్విన కాలువలది. దానికి రెండో మొహమూ ఉంది. నీరు తేవడం ఎంత పనో, ఎక్కువైన నీరు బయటికి పంపడం అంత పని. మురుగు కాలువలు పూడిపోతే నీరిచ్చిన సీమే మునుగుతుంది. 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు గిట్టని ధరలు, కూలి ఖర్చులతోపాటు చేలల్లో నిలిచే ముంపు కూడా వాళ్ల ఫిర్యాదుల్లో ఉంది. నా చిక్కు తీరాక వచ్చిపడిన కొత్త చిక్కు అదే.

నా వారసురాలికి డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. 1909లో కన్నుమూసేదాకా లంకల గన్నవరంలో వచ్చినవాళ్లకల్లా అన్నం పెట్టిన ఇల్లాలు ఆమె. కట్టించినవాళ్ల పేరు కాక కడుపు నింపినామె పేరు పెట్టడంలో ఒక తీర్పు ఉంది: కట్టడం విలువ దాని మీదుగా ఏం దాటింది, ఎవరికి అందింది అన్న దాన్నిబట్టే. ఆ తీర్పు నాకూ సమ్మతమే. కాబట్టి నన్ను చూడాలంటే నా దగ్గర మొదలుపెట్టకండి. ధవళేశ్వరం దగ్గర కాలువ వెంట బయల్దేరి నా మీదుగా లంకలోకి దిగి, చేను దాటిన నీరు సముద్రంలోకి ఎలా పోతోందో చూసేదాకా రండి. అక్కడ అది పోకుండా నిలిచిపోయి ఉంటే, నా కథలో ఇంకా రాయని పుట అదే.